మద్యం మానిన తరువాత నిద్ర పట్టని రాత్రులు

ప్రశ్న: మాది ఉద్దానంలో ఒక పల్లె. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన తెల్లవారుజామున మా ఇంటి గోడ కూలి, మా మరిది దాని కింద చిక్కుకున్నాడు. బయటికి తీసేవరకు మా వారు తమ్ముడి చేయి పట్టుకుని కూర్చున్నారు గానీ ప్రాణం దక్కలేదు. అంతకుముందు పండగకో పబ్బానికో తాగే మనిషి, ఆ తరువాత రోజూ తాగడం మొదలుపెట్టారు. నాలుగు నెలల క్రితం విశాఖపట్నంలో వైద్యం చేయించాం, మానేశారు. అప్పటి నుంచి రాత్రిళ్లు కేకలు పెట్టి లేస్తున్నారు. గాలి కాస్త గట్టిగా వీస్తే ఇంట్లో ఉండలేక రోడ్డు మీదికి వెళ్లిపోతున్నారు. పిల్లలను ఊరికే కసురుకుంటున్నారు. మా అత్తగారు గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించారు, ‘తాగినప్పుడే నయం, పడుకునేవాడు’ అని కూడా అంటున్నారు. మళ్లీ మొదలుపెట్టకుండా అన్నంలో కలిపి పెట్టమని తెలిసినవారొకరు మాత్రలు ఇచ్చారు. పెట్టవచ్చా? ఆయనకు మతి చలిస్తోందా? – ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మాత్రల సంగతి ముందు చెబుతాను. ఆయనకు తెలియకుండా ఏ మాత్రా పెట్టకండి. ఇలా చాటుగా ఇచ్చేవాటిలో తరచుగా డైసల్ఫిరామ్ అనే మందు ఉంటుంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపిన తరువాత కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. వైద్యుని పర్యవేక్షణలో, తాగితే ఏమవుతుందో తెలిసి, ఒప్పుకుని వేసుకునేవారికే అది మందు. పైగా కళ్లెదుటే గోడ కూలడం చూసిన మనిషికి, ఇంట్లో తినే అన్నం మీద కూడా నమ్మకం పోతే ఇక నిలబడే చోటేదీ మిగలదు.

ఆయనకు మతి చలించడం లేదు. గాలీ సోకలేదు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దాని కోసం అత్తగారితో తగవు వద్దు. వైద్యం మాత్రం ఆగకూడదు.

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇది ఆఘాతం తరువాత వచ్చే మానసిక రుగ్మత అనిపిస్తోంది. నిర్ధారించవలసింది ఆయనను స్వయంగా చూసిన వైద్యుడే. వైద్యులు దీనిని పి.టి.ఎస్.డి. అంటారు. ప్రాణభయం కలిగిన ఘట్టం గతంలోకి జారిపోకుండా, ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ ముందుకు వస్తుంది. దానికి పోలిన చప్పుడు వినిపిస్తే చాలు, ఇది 2018 కాదని మనసుకు తెలిసినా ఒంటికి తెలియదు. ఆయన రోడ్డు మీదికి వెళ్లడం మీకు పిచ్చిగా తోస్తున్నది గానీ, గోడలు లేని చోటును వెతుక్కుంటున్నారని నాకు అనిపిస్తోంది.

మద్యం ఈ కథలోకి వచ్చినది సరదాగా కాదు. అది కాసేపు గుండె దడను అణిచి, కలలు వచ్చే నిద్రను తొక్కిపెడుతుంది. మీ అత్తగారి మాటలో ఉన్న నిజం అంతవరకే. ఆ మత్తు దిగే వేళకు భయం మునుపటికంటే ఎక్కువై తిరిగి వస్తుంది, దాన్ని అణచడానికి మళ్లీ తాగవలసి వస్తుంది, ఇలా ఏళ్లు గడిచాక ఏది జబ్బో ఏది మందో తెలియనంతగా రెండూ పెనవేసుకుపోతాయి. బాధను తట్టుకోలేకనే చాలామంది మత్తును ఆశ్రయిస్తారని అమెరికా మానసిక వైద్యుడు ఎడ్వర్డ్ ఖాంట్జియన్ 1985లోనే వాదించారు. మద్యం మానగానే ఇన్నాళ్లు అణిగి ఉన్న కలలు ఒక్కసారిగా పొంగుతాయి. మానిన చాలామందికి మొదటి వారాలలో ఇది కొంత ఉంటుంది. అయితే నాలుగు నెలల తరువాత కూడా కేకలు పెట్టి లేస్తున్నారంటే, కారణం మద్యం మానడం కాదు, అంతకుముందు నుంచే కట్టు కట్టకుండా వదిలేసిన గాయం.

‘ముందు పూర్తిగా మానాలి, మనసు సంగతి తరువాత చూద్దాం’ అనే పాత పద్ధతి ఎందరినో మళ్లీ సీసా దగ్గరికి పంపింది. రెండింటికీ ఒకేసారి, వీలైతే ఒకే వైద్యుని దగ్గర చికిత్స జరగాలి. సెర్ట్రలిన్ వంటి మాత్రలు, ఆఘాతాన్ని ఉద్దేశించిన మాటల చికిత్స ఇందుకు ఉన్నాయి. తాగాలనే యావను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటివి అవసరమైతే ఇస్తారు. నిద్ర కోసమని మందుల షాపులో ఆల్ప్రాజోలం మాత్రం కొనకండి, ఎందుకంటే మెదడులో అదీ మద్యం మీటే చోటునే మీటుతుంది, మద్యానికి అలవాటు పడినవారు దానికి త్వరగా బానిసలవుతారు.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని ఎవరూ ఆయనను గుచ్చి అడగవద్దు. నిద్ర కుదురుకుని, మనిషి నిలదొక్కుకున్నాక, తెలిసిన చికిత్సకుని ఎదుట ఆయనే చెప్పుకుంటారు. కేకలతో లేచినప్పుడు దూరం నుంచే పేరు పెట్టి పిలిచి, దీపం వేసి, కాళ్లు నేల మీద ఆనించి కూర్చోమనండి. ఇది ఏ రోజో, ఎదురుగా ఏమేమి కనిపిస్తున్నాయో చెప్పించండి. గాలికి కొట్టుకునే తలుపులు, రేకులు ముందే బిగించండి. మన తీరానికి అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. తిత్లీ తేదీ కూడా అందులోనే వస్తుంది కనుక, ఆ రోజుల్లో ఆయనను ఒంటరిగా వదలకండి, వైద్యుణ్ని ముందే కలవండి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే పురుగుమందు, తాళ్లు అందకుండా చేసి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒకవేళ మళ్లీ తాగి, రోజూ తాగే స్థితికి వస్తే ఇంట్లోనే హఠాత్తుగా మాన్పించవద్దు: మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు, రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు ప్రాణాంతకమైన సన్నిపాతం (ఒళ్లు వణికి, మతి తప్పి, లేనివి కనిపించే స్థితి) రావచ్చు.

శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి, లేదా విశాఖలోని చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు; మీ కోసం కూడా చేయవచ్చు, ఆరేడేళ్లుగా మీరూ సరిగా నిద్రపోయి ఉండరు. పిల్లలకు మాత్రం, నాన్న కోపం తమ వల్ల కాదని ఈ రోజే చెప్పండి.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా తాగడం లేదు, మద్యం మానిన వారి సమావేశాలకు వెళుతున్నాను. దిగులు ఎక్కువై వైద్యుడు మాత్రలు రాశారు. ‘అదీ మత్తే, నువ్వు ఇంకా మానలేదన్నమాట’ అని అక్కడ ఒక పెద్దాయన అన్నారు. ఆపేయాలా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఆపవద్దు బాబూ. మానిన తొలి రెండు మూడు వారాల దిగులు చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. ఎనిమిది నెలల తరువాత కూడా ఉన్న దిగులు వేరే జబ్బు, దానికి వైద్యం కావాలి. దిగులు తగ్గించే మాత్రలు మత్తు ఇవ్వవు, మోతాదు పెంచుకుంటూ పోవాలనే యావనూ పుట్టించవు. మద్యం మానాలనుకునేవారి కోసం ఇలాంటి సమావేశాలు జరిపే, 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ కూడా, సభ్యులెవరూ తోటివారికి వైద్యుని పాత్ర వహించకూడదనే చెబుతుంది. ఆ పెద్దాయన మీ మేలు కోరే అని ఉంటారు గానీ ఈ విషయంలో పొరబడ్డారు. ఎప్పుడైనా మాత్రలు మానాలనిపిస్తే వైద్యునితో చెప్పి కొద్దికొద్దిగా తగ్గించుకోండి. సమావేశాలకు వెళ్లడం మాత్రం ఇలాగే కొనసాగించండి.