మా హెడ్‌మాస్టారి పేరున స్కాలర్‌షిప్ పెట్టాలనుకుంటున్నాం. ఎన్నో ర్యాంకు దాకా ఇవ్వాలి? ఎంత ఇవ్వాలి?

ర్యాంకులు తర్వాత. ముందు ఏ నెలలో ఇస్తారో తేల్చుకోండి. గుంటూరులో మాకు లెక్కలు చెప్పి, పేటలో ఏ తగువొచ్చినా తీర్చిన మాస్టారి పేరున పాత విద్యార్థులం ఇలాంటిదే నడుపుతున్నాం.

మొదట్లో అందరిలాగే వర్ధంతికి సభ పెట్టి ఇచ్చేవాళ్లం. అది డిసెంబరులో వస్తుంది. బ్రాడీపేటలో హాలు, గేటు నుంచి స్టేజీ దాకా ఫ్లెక్సీలు. ఒక ఏడాది పదకొండుకి రావాల్సిన ముఖ్య అతిథి రెండు దాటాక దిగారు. పాలిటెక్నిక్ అమ్మాయి ఒకతి తల్లితో పొద్దుటినుంచీ ముందు వరసలోనే కూర్చుంది. ఆ తల్లిది కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని. ఆ రోజు కూలి పోయినట్టే. చివరికి తలుపంత అట్ట చెక్కు పట్టించి ఫొటోలు తీశారు. స్టేజీ దిగాక ఆవిడ నాతో, "ఇదేదో జూన్‌లో ఇచ్చుంటే చెవుల దిద్దులు తాకట్టు పెట్టేదాన్ని కాదు గదయ్యా" అంది. పక్కనే మా కోశాధికారి శాలువాల బిల్లు కూడుకుంటున్నాడు.

మిర్చి యార్డుకి మే నెలలో వేసవి సెలవులిస్తారు. దాని చుట్టూ ఉన్న పనులన్నీ మందగిస్తాయి. కాలేజీలు డబ్బు కట్టమనేది సరిగ్గా అప్పుడే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా అంటారు. అది ఎప్పుడు పడుతుందో కాలేజీ గుమాస్తాకే తెలియదు. పైగా పుస్తకాలకీ బస్ పాస్‌కీ అది రాదు.

ఇక ర్యాంకులంటారా, టాపర్‌కి ఇవ్వనే వద్దు. ఫీజు తగ్గిస్తామని కార్పొరేట్ కాలేజీలే ఇంటికొచ్చి తీసుకెళ్తాయి, ఆనక వాడి ఫొటో బస్సుల వెనక వేసుకుంటాయి. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైన పిల్లలకి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా కేంద్రం ఏడాదికి 12,000 ఇస్తుంది. పది తర్వాత పాలిటెక్నిక్‌కి వెళ్లినా, ఇంటర్ దాటినా అదీ ఉండదు. అక్కడ పట్టుకోండి, అరవై శాతం మార్కులవాళ్లయినా సరే. పేర్లు సర్కారు బడి టీచర్లే చెబుతారు. ఆదాయ ధ్రువపత్రం కోసం పిల్లల్ని తిప్పకండి.

డబ్బంటారా, ఐదు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 35,000. ముగ్గురికి పదేసి వేలు, మిగిలింది అసల్లో కలపండి. పదిమందికి మూడేసి వేలు పంచితే ఫొటో నిండుగా వస్తుంది, అంతే.

పెద్దల పేరు నిలిపేది దండలు కాదు, వాళ్లు చేసిన పని. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఆడపిల్లల చదువు కోసం ఇదే గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. ఆయన బొమ్మకి దండలేసేవాళ్లలో సగం మందికి ఆ సంగతి తెలియదని బల్లగుద్ది చెబుతాను.

సభ లేకపోతే మీ కమిటీలో పెద్దలు అలుగుతారు, నాకు తెలుసు. మేం డిసెంబరులో సాయంత్రం పూట ఒకటి పెట్టుకుంటాం, శాలువాలు మాకు మేమే కప్పుకుంటాం. పిల్లల్ని మాత్రం పిలవం. వాళ్ల డబ్బు జూన్ మొదటి వారంలోనే బ్యాంకు ఖాతాలో వేసేస్తాం.