వైజెన్‌బర్గ్ సంఖ్య పెంచగానే కోడ్ పేలిపోతోందా?

బాబూ,

నీ మెయిల్ చూశాను. సిలిండర్ చుట్టూ పాలిమర్ ద్రవం ప్రవహించే సిమ్యులేషన్ కేసు వైజెన్‌బర్గ్ సంఖ్య (ద్రవపు సాగుడు గుణం ప్రవాహంలో ఎంత బలంగా ఉందో చెప్పేది) 0.5 దాకా చక్కగా నడిచింది, 1 పెట్టేసరికి స్ట్రెస్ విలువలు ఎగిరిపోయి స్క్రీన్ నిండా నాన్ (NaN, అంకె కాని విలువ) అని వస్తోంది, టైమ్ స్టెప్ పదో వంతుకు తగ్గించినా కాసేపు ఆలస్యంగా పేలింది తప్ప మార్పు లేదు, అంతేగా? టెన్షన్ పడకు. 1970ల నుంచీ ఈ పనిలోకి దిగినవాళ్లందరూ ఇక్కడే తట్టుకుని పడ్డారు, దీనికి హై వైజెన్‌బర్గ్ నంబర్ ప్రాబ్లమ్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

ముందు టైమ్ స్టెప్ జోలికి పోవడం మానెయ్. పాలిమర్ గొలుసులు ఎటు, ఎంత సాగాయో చెప్పే కన్ఫర్మేషన్ టెన్సర్ ఐగెన్ విలువలు ఎప్పుడూ సున్నాకి పైనే ఉండాలి. కానీ సిలిండర్ గోడ దగ్గరా, దాని వెనకా ఈ టెన్సర్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది, మనం సెల్‌కీ సెల్‌కీ మధ్య వాడే ఇంటర్‌పొలేషనేమో బహుపది, అది ఆ పెరుగుదలను అందుకోలేదు. ఎక్కడో ఒక్క సెల్‌లో ఐగెన్ విలువ మైనస్‌లోకి జారితే చాలు, ఇక అక్కణ్ణుంచి ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకే ప్రతి స్టెప్‌లో ఈ టెన్సర్ కనిష్ఠ డిటర్మినెంట్ (ఐగెన్ విలువల లబ్ధం) ఎంతో, అది ఏ సెల్‌లో వచ్చిందో ప్రింట్ చేయించు. నాన్ కనిపించిన చోటు వేరు, రోగం మొదలైన చోటు వేరు.

దీనికి మందు 2004లో ఫటాల్, కుప్ఫర్‌మన్ ఇచ్చారు: టెన్సర్ కోసం కాకుండా దాని లాగరిథమ్ కోసం సమీకరణం సాధించు, తిరిగి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే వచ్చేది ఎలాగూ ధనాత్మకమే. ప్రవాహాలు లెక్కించే ఓపెన్‌ఫోమ్ వాడుతున్నావు కాబట్టి, దాని మీద నడిచే రియోటూల్ ప్యాకేజీలో ఇది సిద్ధంగా ఉంది, నువ్వు మళ్లీ రాసుకోనక్కర్లేదు. అయితే ఒక్క మాట. లాగ్ పెట్టాక కోడ్ చావదు, కానీ చావనంత మాత్రాన జవాబు సరైనదైపోదు. ఇదివరకు తప్పు జరిగితే పేలి చెప్పేది, ఇప్పుడు తప్పు జవాబునే రంగురంగుల బొమ్మగా వేసి చూపిస్తుంది. నాకైతే పేలే కోడే నయమనిపిస్తుంది ఒక్కోసారి.

నువ్వు వాడే ద్రవపు మోడల్ ఓల్డ్‌రాయిడ్-బి సంగతి కూడా చూడు. అందులో గొలుసు స్ప్రింగ్ ఎంతైనా సాగుతుంది, హద్దే లేదు, అందుకే సాగుడు రేటునీ రిలాక్సేషన్ టైమ్‌నీ (సాగిన గొలుసు తిరిగి సర్దుకోవడానికి పట్టే సమయం) గుణిస్తే 0.5 వచ్చే చోట నిలకడ ఎక్స్‌టెన్షనల్ విస్కాసిటీ (సాగదీతకు ద్రవం చూపే నిరోధం) అనంతమైపోతుంది. సిలిండర్ వెనక స్టాగ్నేషన్ పాయింట్ (వేగం సున్నా అయ్యే చోటు) దగ్గర జరిగేది సరిగ్గా అలాంటి సాగుడే. ఛానెల్‌లో సగం అడ్డుకునే సిలిండర్ కేసులో వైజెన్‌బర్గ్ సుమారు 0.7 దాటాక మెష్ (సెల్స్ వల) ఎంత సన్నం చేసినా వెనకవైపు స్ట్రెస్ కుదురుకోదు, డ్రాగ్ (సిలిండర్ మీద పడే మొత్తం బలం) మాత్రం బుద్ధిగా కలుస్తూనే ఉంటుంది, కాబట్టి డ్రాగ్ కలిసిందని సంబరపడకు. అక్కడ తప్పు నీ కోడ్‌దీ కాదు, మెష్‌దీ కాదు, మోడల్‌ది. నిజమైన పాలిమర్ ద్రావణం గురించే నీ పని అయితే సాగుడుకు హద్దు పెట్టే గీసెకస్ మోడల్‌కో ఫెనె-పి మోడల్‌కో మారిపో.

అన్నట్టు, నీ 1 దేన్ని బట్టి లెక్కేశావు? ఈ కేసుకి సగటు వేగం, సిలిండర్ వ్యాసార్థం తీసుకోవడం రివాజు. ఛానెల్ మధ్యలోని గరిష్ఠ వేగం తీసుకుని ఉంటే అది ఒకటిన్నర రెట్లు, అప్పుడు నువ్వు పోల్చే టేబుల్‌కీ నీ రన్‌కీ సంబంధమే ఉండదు.

ఇదంతా చేసేముందు ఒక్క సెల్‌లో సింపుల్ షియర్ (పొరలు ఒకదానిమీద ఒకటి జారే ప్రవాహం) నడుపు, అయిదు నిమిషాల పని. ఓల్డ్‌రాయిడ్-బికి నిలకడ స్థితిలో కన్ఫర్మేషన్ టెన్సర్ ఎక్స్‌ఎక్స్ భాగం (ఎక్స్ అంటే ప్రవాహ దిశ, డబ్ల్యుఐ అంటే వైజెన్‌బర్గ్ సంఖ్య) 1 + 2డబ్ల్యుఐ², ఎక్స్‌వై భాగం డబ్ల్యుఐ, వైవై భాగం 1 రావాలి. వైవై పెరిగి ఎక్స్‌ఎక్స్ 1 దగ్గరే కూర్చుంటే వేగ గ్రేడియంట్ ట్రాన్స్‌పోజ్ తిరగబడిందన్నమాట, ప్యాకేజీకో పద్ధతి ఉండటం వల్ల ఇది తరచూ జరుగుతుంది, పైగా షియర్ స్ట్రెస్ ఒక్కటే చూస్తే దొరకదు, ఎందుకంటే రెండు రకాలుగానూ అది ఒకటే వస్తుంది.

స్ట్రెస్ కన్వెక్షన్‌కి (ప్రవాహం స్ట్రెస్‌ని మోసుకెళ్లే భాగం) అప్‌విండ్ పద్ధతి వద్దు, అది అన్నీ చెరిపేసి ప్రశాంతంగా ఉంటుంది, క్యూబిస్టా అనే పద్ధతి పెట్టు. ఇన్‌లెట్‌లో పూర్తిగా స్థిరపడిన ప్రవాహపు స్ట్రెస్ ఇవ్వు, సున్నా ఇస్తే ఛానెల్ బాగా పొడవు చేయాలి. సెల్స్‌ని సిలిండర్ గోడకీ, వెనక మధ్య గీతకీ దగ్గరగా చేర్చు. 1కి ఒక్కసారిగా దూకకుండా 0.5 ఫలితం నుంచి మొదలెట్టి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పో.

ఈసారి మెయిల్‌లో కాంటూర్ బొమ్మలు పంపకు. సిలిండర్ వెనక మధ్య గీత మీద ఎక్స్‌ఎక్స్ స్ట్రెస్ వేర్వేరు సన్నదనాల మూడు మెష్‌లకీ ఒకే గ్రాఫ్‌లో గీసి పంపు, పక్కన కనిష్ఠ డిటర్మినెంట్ సమయంతో ఎలా మారిందో కూడా పెట్టు.