పర్యావరణ సమీక్ష తగ్గించి ప్రాజెక్టులకు త్వరగా అనుమతులిస్తే నష్టమేమిటి?

పెద్ద ప్రాజెక్టులు త్వరగా వస్తే ఉద్యోగాలు వస్తాయి కదా, సమీక్షను కుదించే చట్టాలను ఎందుకు వ్యతిరేకించాలి అని అడిగారు. నేను శాస్త్రవేత్తను కాను, ఉద్యమాల్లో తిరిగినవాణ్నీ కాను. జీవితంలో ఒకే ఒక్క ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లాను. 2020లో ఈ సమీక్షను కుదించే ముసాయిదా మీద కేంద్రానికి అభ్యంతరం రాసి పంపింది ఆ సభ గుర్తుండబట్టే.

మాది పల్నాడు. చాలా ఏళ్ల కిందట మా ఊరి పక్కన సున్నపురాయి గని పెడతామన్నారు. ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఎలా ఇవ్వాలో చెప్పే కేంద్రం 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. వచ్చింది. అప్పట్లో మా ఊళ్లో పేపరు తెప్పించేది రెండే ఇళ్లు. ఒక ఇంట్లో ఆ పేజీని జంతికల కింద పరిచారు. నూనె మరకల మధ్య మేం సభ తేదీ చదివేసరికి 18 రోజులు గడిచిపోయాయి. మిగిలిన 12 రోజుల్లోనే మా బాబాయి కలెక్టరేటుకు రెండుసార్లు వెళ్లి, గని వల్ల పర్యావరణానికి ఏమవుతుందో కంపెనీ రాయించిన నివేదికలో కావలసిన పేజీలు చేత్తో రాసుకొచ్చాడు.

అందులో ‘ఏడాది పొడవునా పారే నీటి వనరులు లేవు’ అని ఉంది. అబద్ధమేమీ కాదు. మా వాగు పారేది వానాకాలం నాలుగు నెలలే. సభలో తెర మీద చూపిన పటంలో అదొక చుక్కల గీత. మేకలు కాసుకునే ముసలమ్మ ఒకామె షామియానా కింద లేచి నిలబడి, “అయ్యా, వాగు పారకపోతే నీళ్లు లేనట్టా? ఎండాకాలం వచ్చి ఇసుకలో మూరెడు లోతు తవ్వండి, చెలమ ఊరుతుంది. మా మేకలూ మేమూ తాగేది అవే” అంది. వేదిక మీది అధికారి ఆ మాటను రాయించారు. తర్వాత వచ్చిన అనుమతిలో వాగుకు అటూ ఇటూ కొంత దూరం తవ్వకూడదని షరతు పెట్టారు. గని వచ్చింది, మా బంధువుల కుర్రాడు అందులోనే పని చేస్తున్నాడు. చెలమ కూడా ఉంది.

2006 నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న 2020 మార్చి ముసాయిదాలో ఆ 30 రోజులను 20 చేయాలన్నారు. మా లెక్కలో 18 పోతే మిగిలేది రెండు. మరికొన్ని రకాల ప్రాజెక్టులకు సభే అక్కర్లేదన్నారు. పైగా అభ్యంతరాలు చెప్పమన్న ఆ పత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించమని, గడువు ఆగస్టు 11 దాకా పెంచమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఆ ముసాయిదాలో నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది, అనుమతి లేకుండా పని మొదలుపెట్టినవారికి తర్వాత అనుమతి ఇచ్చే ఏర్పాటు. ఆ ముసాయిదా ఇంకా జనం ముందు ఉండగానే, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ఆ కర్మాగారం ఏళ్ల తరబడి సరైన పర్యావరణ అనుమతి లేకుండానే నడిచిందని ఆ తర్వాత బయటపడింది. పని మొదలయ్యాక అనుమతి ఇస్తే అది దేన్ని ఆపుతుంది? కోర్టుల్లోనూ ఇది తేలలేదు: ఇలాంటి అనుమతులు చెల్లవని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది.

ఆలస్యం మాటకొస్తే, మా గని మూడేళ్లు ఆగింది భూముల రికార్డులు, పరిహారం గొడవల వల్ల. ప్రజాభిప్రాయానికి పట్టింది ఒక నెల. అలాగని ఈ సభలు గొప్పగా జరుగుతాయని నేననను. అక్కడ ఓటింగు ఉండదు, ఊరంతా వద్దన్నా అనుమతి రావచ్చు, నివేదిక రాసేవాడికి జీతమిచ్చేదీ కంపెనీయే. బాగు చేయాల్సింది చాలా ఉంది, కానీ రోజులు కోస్తే అందులో ఏదీ బాగుపడదు.

2020 ముసాయిదా తుది రూపం దాల్చలేదు. లక్షల్లో వెళ్లిన అభ్యంతరాలకు అందులో ఎంత పాత్ర ఉందో గానీ, మళ్లీ అలాంటిది వస్తే మీరూ రాయండి. ‘పర్యావరణాన్ని కాపాడండి’ అని రాస్తే అది గుట్టలో కలిసిపోతుంది. ఏ నిబంధన మీ ఊళ్లో దేన్ని దెబ్బతీస్తుందో పేరు పెట్టి రాయండి. నేను రెండు పేజీలు పంపాను, ఒక పేజీ చెలమ గురించే.