టీవీ వార్తలు మానేద్దామనుకుంటున్న అమ్మాయికి

చి. సౌ. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

టీవీ వార్తలు మానేద్దామని ఉంది గానీ, ఆఫీసులో నలుగురూ మాట్లాడుకునేటప్పుడు వెర్రిమొహం వేసుకుని కూర్చోవాలేమోనని భయంగా ఉందన్నావు. ఆ భయంలో నిజమెంతో తేల్చుకోవడానికి ఈ బ్రిటన్‌లో రాజుగారింటి పెళ్ళిని మించిన పరీక్ష లేదు. నేను మానేసింది 2011 ఏప్రిల్‌లో, యువరాజు విలియం, కేట్‌ల పెళ్ళి వారంలోనే.

నువ్వప్పుడు ఇంకా స్కూల్లో ఉన్నావు. ఆ 24న పుట్టపర్తిలో సత్యసాయిబాబా పోయారు, 27న సమాధి చేశారు. మా ఇంట్లో డిష్‌లో వచ్చే తెలుగు చానెళ్ళు పెడితే పొద్దస్తమానం పుట్టపర్తే. ఇంగ్లీషు చానెళ్ళు పెడితే బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు మాల్ రోడ్డు, అక్కడ గుడారాలు వేసుకుని పడుకున్న జనం. ఒకచోట ఏడుపులు, ఒకచోట కేరింతలు. మైకు పట్టుకున్నవాళ్ళ ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే: "మీకెలా అనిపిస్తోంది?" రాత్రంతా పేవ్‌మెంటు మీద పడుకున్నావిడ "నాకేమీ అనిపించట్లేదు బాబూ" అంటుందా? అడక్కముందే తెలిసిన జవాబు అది. దాన్నే గంటకోసారి తిప్పి చూపించి దేశమంతా ఇదే మాట అంటోందంటారు.

దేశమంతా ఏం చేసిందో లైబ్రరీ కౌంటర్లో కూర్చున్న నాకు తెలుసు. ఆ ఏడాది గుడ్‌ఫ్రైడే 22న, ఈస్టర్ సోమవారం 25న, పెళ్ళికిచ్చిన సెలవు 29న, మే నెల బ్యాంక్ హాలిడే, అంటే అందరికీ ఇచ్చే సెలవు, 2న వచ్చాయి. మధ్యలో మూడు రోజులు లీవు పెట్టుకుంటే పదకొండు రోజులు కలిసొచ్చాయి. నాతో పనిచేసేవాళ్ళలో సగంమంది స్పెయిన్ చెక్కేశారు. వీధుల్లో బల్లలు వేసుకుని విందులు చేసుకున్నవాళ్ళూ తక్కువేం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఐదువేలకు పైగా వీధులు మూయడానికి అనుమతులు అడిగారు. రాజరికమే వద్దనేవాళ్ళు లండన్‌లో రెడ్ లయన్ స్క్వేర్‌లో తమ పండగ తాము చేసుకున్నారు. వీళ్ళందరూ కలిస్తే జనం. మాల్ రోడ్డు మీది గుడారాలు అందులో ఓ మూల.

ప్రపంచమంతటా రెండువందల కోట్లమంది చూస్తారన్న లెక్కా అంతే. పెళ్ళికి ముందే అప్పటి సాంస్కృతిక మంత్రి జెరెమీ హంట్ అన్న మాట అది. జరగని పెళ్ళికి చూసినవాళ్ళ లెక్కేమిటి?

ఇంతకీ ఆరోజు జరిగిందేమిటి? పదకొండింటికి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో పెళ్ళి మొదలైంది, మనవాళ్ళకి మధ్యాహ్నం మూడున్నర. గంటా పావు ప్రార్థన, ఊరేగింపు, ఒంటిగంటన్నరకి కాస్త ముందు బాల్కనీలో ముద్దు, పైన విమానాలు. మిగతాదంతా ఊకదంపుడు. నిజంగా వార్త అనదగ్గది ముందురోజు జరిగింది. సిరియాలో నిరసనకారుల మీద కాల్పులు జరుగుతుంటే, పెళ్ళికి పిలిచిన ఆ దేశ రాయబారికి ఆహ్వానం వెనక్కి తీసుకున్నారు. పేపరు తిరగేస్తే రెండు నిమిషాల్లో తెలిసేది.

ఇక ఎలా మానాలో. మెల్లమెల్లగా తగ్గిద్దామనుకోకు, అది సాగదు. టీవీని భోజనాల బల్లకి కనిపించనిచోటికి మార్చు. ఫోన్లో వార్తల యాప్‌ల నోటిఫికేషన్లు ఆపెయ్, లేకపోతే టీవీ కట్టినా అది జేబులోంచి మోగుతుంది. సాయంత్రం ఆరింటికి బీబీసీ రేడియో 4లో అరగంట వార్తలొస్తాయి, వంట చేసుకుంటూ విను. వారానికొక పేపరు కొనుక్కో. మొదట్లో చెయ్యి దానంతటదే రిమోట్ మీదకి పోతుంది, పోనీ. "ఈ ఒక్కరోజూ" అనిపించే రోజులే ప్రమాదం: ఎన్నికల రాత్రి, పెద్దింటి పెళ్ళి, పెద్దింటి చావు.

పెళ్ళి చూడాలని ఉంటే పెళ్ళి చూడు. అది పాపం కాదు, నాకూ ఆ చీని చీనాంబరాలంటే ఇష్టమే. ముందు నాలుగు గంటలు, తర్వాత నాలుగు గంటలు కట్టెయ్ చాలు.

ఆఫీసులో మాత్రం "నేను టీవీ చూడను" అని గొప్పగా చెప్పకు, మాంసం మానేసినవాడు విందులో ఉపన్యాసమిచ్చినట్టుంటుంది. "నేను చూళ్ళేదు, ఏమైంది?" అను. అంతే, చూడనివాళ్ళు దొరికారంటే చెప్పేవాళ్ళకి పండగే. 2018 మే 19న విండ్సర్‌లో విలియం తమ్ముడు హ్యారీ, మేగన్‌ల పెళ్ళి. శనివారం కాబట్టి ప్రత్యేకంగా సెలవివ్వలేదు, అదేరోజు వెంబ్లీలో ఎఫ్‌ఏ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ కూడా. సోమవారం కౌంటర్ దగ్గర ఒకాయన చెల్సీ గెలుపు తప్ప ఇంకేమీ ఎత్తలేదు. ఓ పెద్దావిడ, అమెరికా నుంచి వచ్చిన మైకేల్ కర్రీ అనే బిషప్ పెళ్ళిలో ప్రసంగం మరీ సాగదీశాడని విసుక్కుంది. ఆవిడ వెనకే నిలబడ్డ నల్లజాతి నర్సు, అలాంటి గొంతు ఆ చర్చిలో వింటాననుకోలేదంటూ కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారు, కాసేపు వాదించుకున్నారు కూడా. ఆ ప్రసంగం ఒక్కటీ ఆ రాత్రి ఇంటర్నెట్‌లో చూశాను. పద్నాలుగు నిమిషాల లోపే. పెద్దావిడ విసుగు నాకు అర్థమైంది గానీ, నేను నర్సు పక్షమే.

ఇక టీవీ లైసెన్స్ సంగతి, అదే, ఇక్కడ టీవీ చూడ్డానికి ఏటా కట్టే రుసుము. వార్తలు మానినంత మాత్రాన అది రద్దు కాదు. ఏ చానెల్ అయినా లైవ్‌లో చూస్తే కట్టాలి, ఫోన్లో మన తెలుగు చానెల్ చూసినా సరే. ఇంటర్నెట్‌లో బీబీసీ కార్యక్రమాలు చూపించే ఐప్లేయర్‌కీ కావాలి. ఇవేవీ లేకపోతే మాకు అక్కర్లేదని ఆన్‌లైన్‌లో రాసిచ్చెయ్, ఏడాదికి నూట డెబ్బై పౌండ్ల పైమాట మిగులుతుంది.

కానీ మీ అత్తగారు వేసవికి వస్తున్నారన్నావు, కాబట్టి ఈ ఏడాదికి కట్టెయ్. ఆవిడ తొమ్మిది గంటల వార్తల జోలికి మాత్రం వెళ్ళకు. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఇక్కడ సాయంత్రం నాలుగున్నర. ఆ వేళకి నువ్వు ఆఫీసు వదలవు కదా.

ఇట్లు,
మీ పెద్దమ్మ