రాత్రి మిగిలిన అన్నం పొద్దున వేడి చేసి పెడితే చాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. రాత్రి మిగిలిన అన్నం గిన్నెలోనే మూతపెట్టి ఉంచి, పొద్దున తాలింపు వేసి నిమ్మకాయ పిండి పిల్లలకు పెడతాను. పోయిన వారం అది తిన్న రెండు గంటలకే మా ఏడేళ్ల బాబుకి వాంతులయ్యాయి, సాయంత్రానికి తగ్గిపోయాయి. బాగా వేయించాక ఇంకేం అవుతుందని మా అత్తగారు అంటారు, ఆవిడ చిన్నప్పటి నుంచీ చద్దన్నం తిన్నవారే. వేడి అన్నం ఫ్రిజ్‌లో పెట్టకూడదంటారు, మరి ఏం చేయాలి?

జవాబు: అమ్మా, బాబును చూడకుండా అన్నం వల్లేనని తేల్చి చెప్పలేను గానీ, మీరు రాసింది చదివితే నాకూ అనుమానం దాని మీదే. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా అయ్యాక లేచి పెరుగుతూ ఒక విషాన్ని వదులుతాయి, ఆ విషం మూకుడులో ఎంత వేయించినా పోదు. పొద్దున పిండిన నిమ్మకాయా దాన్ని ఏమీ చేయలేదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకోవడం, ఒక రోజులో తగ్గిపోవడం దీని తీరు. వాసన రాలేదు, జిగురు పట్టలేదు కాబట్టి బాగానే ఉందనుకుంటాం, కానీ ఈ విషానికి వాసనా ఉండదు, రుచీ ఉండదు.

అందుకే ఎంత వేడి చేశారని కాదు, ఎంతసేపు బయట ఉందని చూసుకోండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఇవి పెరుగుతాయి. వండింది రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మన బెజవాడ ఎండాకాలంలో వంటగది సంగతి నేను చెప్పాలా!

మీ అత్తగారి చద్దన్నం వేరే సంగతి, ఆవిడ్ని తప్పుపట్టకండి. అన్నం ఆరగానే నీళ్లో పాలో పోసి, కాస్త మజ్జిగ తోడు వేస్తే రాత్రంతా పులుస్తుంది, ఆ పులుపులో ఈ క్రిములు అంతగా పెరగలేవు. రాత్రంతా ఊరికే పెట్టిన పొడి అన్నంలో పొద్దున పెరుగు కలిపితే మాత్రం అది చద్దన్నం కాదు, నిన్నటి అన్నమే. గర్భిణులు, మరీ చిన్నపిల్లలు, షుగర్ అదుపులో లేనివాళ్లు చద్దన్నం జోలికి పోకపోవడమే మేలు.

వేడిది ఫ్రిజ్‌లో పెడితే ఏదో అయిపోతుందన్నది అపోహ. పొగలు కక్కే పెద్ద గిన్నెను అలాగే తోసేస్తే పక్కనున్నవి వేడెక్కుతాయి, లోపలి అన్నం గంటల తరబడి చల్లారదు, భయం అంతవరకే. వెడల్పాటి పళ్లెంలో పరిస్తే అరగంటలో ఆరిపోతుంది, అప్పుడు డబ్బాలో పెట్టి లోపల పెట్టేయండి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాడే తినేయండి. పప్పు, చికెన్ కూర మూడు రోజుల వరకు. కావాల్సినంత మాత్రమే తీసి పొగలొచ్చేదాకా ఒక్కసారే వేడి చేయండి, మిగిలింది మళ్లీ లోపల పెట్టకండి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంటే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది, పిల్లలు మాటిమాటికీ తెరుస్తుంటే మాత్రం ఆ లెక్క మర్చిపోండి.

బాబుకి మళ్లీ ఇలా అయితే యాంటీబయాటిక్ కొనేసి పట్టించకండి, ఇది విషం పని, ఆ మందుకు లొంగదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. ఏది తాగినా కక్కేస్తున్నా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

మీరు అడగలేదు గానీ, ఫంక్షన్ల నుంచి రాత్రి పదకొండింటికి కట్టించుకొచ్చే బిర్యానీ కూడా ఇదే కోవలోది. పొయ్యి మీద నుంచి వేడివేడిగా వడ్డిస్తుంటే తెచ్చుకోండి, డేగిశాలో చల్లారిపోయి ఉంటే మొహమాటపడకుండా వదిలేసి రండి.