ప్రిఫిక్స్ ఒక దారి, ఫ్రేజల్ వెర్బ్ ఇంకో దారి

ప్రశ్న: బీకాం చివరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మీడియమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ రాయాలనుకుంటున్నాను. రోజుకు ఇరవై ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నా, వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. ప్రిఫిక్స్‌లు, ఫ్రేజల్ వెర్బ్‌లు నేర్చుకుంటే వొకాబ్యులరీ పెరుగుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి?
- ఒక విద్యార్థి, జగిత్యాల జిల్లా

జవాబు: మీ ఫ్రెండ్స్ చెప్పింది నిజమే. కాకపోతే ఆ రెండింటినీ ఒకే పద్ధతిలో చదవకండి. ప్రిఫిక్స్ అంటే పదం ముందు చేరే ముక్క, దానికి ఒక అర్థం ఉంటుంది. అది పట్టుబడితే ఎప్పుడూ చూడని పదాన్ని కూడా చాలావరకు ఊహించవచ్చు. క్రియ పక్కన ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే ఫ్రేజల్ వెర్బ్‌తో ఆ సౌకర్యం లేదు.

తెలుగు మీడియంలో చదివినవారికి ప్రిఫిక్స్ కొత్తేమీ కాదు, మన ఉపసర్గల్లాంటివే. 'హారం' ముందు ఆ, వి, సం, పరి చేరితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అయినట్టే ఇక్కడా జరుగుతుంది. ముందు ఎనిమిది చాలు: అన్, ఇన్, డిస్, మిస్, రీ, ప్రీ, ఓవర్, అండర్. వీటిలో 'ఇన్' ఒక్కటే వేషాలు మారుస్తుంది. పి, ఎం ముందు 'ఇమ్' అవుతుంది (ఇంపాజిబుల్, ఇమ్మెచ్యూర్), ఎల్ ముందు 'ఇల్' (ఇల్లీగల్), ఆర్ ముందు 'ఇర్' (ఇర్రెగ్యులర్). పలకడానికి సులువుగా ఉండేందుకు వచ్చిన మార్పే ఇది. సంధులు చదివారు కాబట్టి మీకు వింతగా అనిపించదు.

అయితే గుడ్డిగా నమ్మితే బోల్తా పడతారు. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కాదు, తేలిగ్గా మండేది. ఇన్‌వాల్యుయబుల్ అంటే వెలకట్టలేనంత విలువైనది. అన్‌ఇంట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడు. డిస్‌ఇంట్రెస్టెడ్‌కు పరీక్షల్లో ఆశించే అర్థం మాత్రం పక్షపాతం లేనివాడు. సినానిమ్ (అదే అర్థమిచ్చే పదం), యాంటోనిమ్ (వ్యతిరేక పదం) ప్రశ్నల్లో తడబడేది ఇలాంటి చోటే.

ఇక ఫ్రేజల్ వెర్బ్‌లు. 'పుట్ ఆఫ్' వాయిదా వేయడం, 'పుట్ అవుట్' మంట ఆర్పడం, 'పుట్ అప్ విత్' భరించడం. 'పుట్' అర్థం తెలిసినంత మాత్రాన ఇవేవీ తెలియవు. మన తీసుకో, తీసేయ్, తీసిపెట్టు కూడా ఇలాంటివే. వాటిని మనం లిస్టు పెట్టుకుని నేర్చుకోలేదు, మాటల్లో విని నేర్చుకున్నాం. అందుకే 'గెట్'తో వచ్చేవన్నీ ఒకే రోజు ముందేసుకుని కూర్చోకండి, అన్నీ కలగాపులగం అవుతాయి. రోజుకు నాలుగైదు తీసుకుని, ఒక్కోదానికి మీ సొంత వాక్యం రాయండి. 'ఐ పుట్ ఆఫ్ మై రివిజన్ ఎగైన్' అన్నది మీ బతుకులో నిజంగా జరిగేదే, ఊరికే మరిచిపోరు!

రాసేటప్పుడు ఒక సంగతి గమనించండి. 'పుట్ ఇట్ ఆఫ్' సరైనది, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. అదే 'లుక్ ఆఫ్టర్' అయితే 'ఇట్' చివరే రావాలి. 'కోప్ అప్ విత్' (తట్టుకోవడం) మన దగ్గర అందరి నోటా వినిపిస్తుంది కానీ అందులో 'అప్' ఉండకూడదు. వాక్యంలో తప్పు పట్టుకునే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నలకు ఇవి బాగా పనికొస్తాయి.

అన్నట్టు, 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2025' అని రెజ్యూమెలో రాయకండి. ఇక్కడ అర్థమవుతుంది కానీ, అమెరికా క్లయింట్ చదివితే మీరు స్పృహ తప్పి పడిపోయారనుకుంటాడు. 'గ్రాడ్యుయేటెడ్' అని రాస్తే గొడవ లేదు. 'ప్రీపోన్' (ముందుకు జరపడం) కూడా మన దేశంలో చెల్లే మాటే. బయటివాళ్లతో 'బ్రింగ్ ఫార్వర్డ్' అనండి.

మార్కుల సంగతి: సీజీఎల్ మొదటి దశ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. రెండో దశ టైర్-2లో 45 ప్రశ్నలకు 135 మార్కులు. అక్కడ ఒక్కో తప్పుకు ఒక మార్కు కోత కాబట్టి సగం సగం తెలిసిన పదం నష్టమే చేస్తుంది. ఇందులో గ్రామర్, ప్యాసేజీలూ ఉంటాయి. పదాలకు రోజుకు అరగంట మించి కేటాయించకండి.

ఇప్పటిదాకా రాసుకున్న లిస్టు పారేయక్కర్లేదు. పాత ప్రశ్నపత్రాలు పది ముందేసుకుని, వాటిలో కనిపించిన పదాలకు టిక్ పెట్టండి. ముందు వాటికి వాక్యాలు రాయండి. మిగతావి పరీక్ష అయ్యాక చూసుకోవచ్చు.