స్కూల్ ట్రిప్ అప్పుడు, ఇప్పుడు: కదిలేటప్పుడు కట్టుదిట్టం, ఆగినప్పుడు తీరిక

అడిగిన ప్రశ్న ఇది: "మా చిన్నప్పటి స్కూల్ ట్రిప్పులకీ ఇప్పటివాటికీ అసలు తేడా ఏమిటి? 40 మంది పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లే బాధ్యత నా మీద పడింది. ఏమేం చూసుకోవాలి?"

ఒక్క ముక్కలో చెప్పాలంటే ప్రయాణం బాగుపడింది, చూడడం పాడైంది. అప్పట్లో ఇద్దరి సీటులో ముగ్గురు సర్దుకునేవాళ్లు, లెక్క బయల్దేరేముందు ఒక్కసారే, ఏ పిల్లకి ఏది పడదో అడిగేవాళ్లే లేరు. కానీ చోటికి చేరాక ఒక రాతి ముందో చెట్టు కిందో అరగంట కూర్చోబెట్టి మాట్లాడే టీచర్లు ఉండేవారు. ఇప్పుడు కాగితాలన్నీ పక్కా, బస్సు పక్కా. దిగింది మొదలు ఎక్కేదాకా మాత్రం పరుగే. రెండు కాలాల్లోనూ పనికొచ్చేది తీసుకుంటే చాలు: కదిలేటప్పుడు ఇప్పటి కట్టుదిట్టం, ఆగినప్పుడు అప్పటి తీరిక.

ముందు లెక్క సంగతి. లెక్కపెట్టి కూడా పిల్లల్ని వదిలేసి వచ్చే సందర్భాలున్నాయి. కారణం, సరిచూసుకునే అంకే తప్పు కావడం. జాబితాలో 40 పేర్లుంటాయి, ఆ రోజు ఇద్దరు రారు, ఆలస్యమైన ఒకరిని తల్లిదండ్రులు నేరుగా మ్యూజియం దగ్గర దింపుతారు. ఒక టీచరు మనసులో 40, ఇంకొకరి మనసులో 38, నిజానికి బస్సులో ఉన్నది 37. కాబట్టి "ఈ రోజు అంకె" అనేది జాబితాలోంచి కాదు, బస్సులో అందరూ కూర్చున్నాక తలల్లోంచి రావాలి. దాన్ని చిన్న కార్డు మీద రాసి ప్రతి పెద్దవాళ్ల జేబులో పెట్టండి. మధ్యలో ఎవరైనా కలిసినా, ఎవరినైనా ఇంటికి తీసుకెళ్లిపోయినా అన్ని కార్డులూ అప్పటికప్పుడే దిద్దాలి. పెద్దవాళ్లని ఈ అంకెలో కలపకండి. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

లెక్కపెట్టేటప్పుడు పిల్లలు కదలకూడదు. గేటు దాటుతున్నవాళ్లని లెక్కపెడితే ఒకడు వెనక్కి పరిగెత్తి మళ్లీ వస్తాడు, అంకె పోతుంది. కూర్చోబెట్టి గానీ, గోడకి వరసగా నిలబెట్టి గానీ లెక్కించాలి. ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి, ఆ తర్వాతే అంకెలు చెప్పుకోవాలి. ఒకరు ముందే "38 కదా?" అంటే రెండోవారి కన్ను 38నే చూస్తుంది. నంబర్లు పిలిచి "ఉన్నాను సార్" అనిపించుకునే పద్ధతి మంచిదే గానీ స్నేహితుడి బదులు స్నేహితుడు పలుకుతాడు. అందుకే మొహం చూడాలి. ఎప్పుడెప్పుడు? బస్సు కదిలే ముందు, దిగాక, లోపలికి వెళ్లే ముందు, ఒక గదిలోంచి ఇంకో గదికో అంతస్తుకో మారినప్పుడు, బాత్రూముల దగ్గర, తిన్నాక, బస్సెక్కాక. ఆఖరి లెక్క సరిపడేదాకా డ్రైవరు ఇంజన్ ఆన్ చేయకూడదని ముందే చెప్పి ఉంచండి.

ఎంతమందికి ఒక పెద్ద? బ్రిటన్ విద్యాశాఖ 1998లో స్కూళ్లకిచ్చిన సూచనల్లో, పెద్దగా ప్రమాదం లేని ట్రిప్పులకి అక్కడి స్కూళ్ల 1–3 ఏళ్ల పిల్లలకైతే ఆరుగురికి ఒకరు, 4–6 ఏళ్లవాళ్లకి 10–15 మందికి ఒకరు, 7వ ఏడాది నుంచి 15–20 మందికి ఒకరు అని ఉండేది. (ఇక్కడ ఏళ్లంటే వయసు కాదు, తరగతి.) మొదలుపెట్టడానికి మంచి కొలతే. నా మటుకు, మ్యూజియంలో గుంపు 10 దాటితే వెనకవాళ్లకి వస్తువు కనపడదు, మాట వినపడదు. 40 మందికి నలుగురు కాదు, ఐదుగురు కావాలి. ఆ ఐదోవారికి ఏ గుంపూ ఇవ్వకండి. ఒక పిల్లకి ఒంట్లో బాగోకపోతే పక్కన ఉండిపోవడానికి ఒకరు ఖాళీగా ఉండాలి. మిగతా నలుగురికీ పేర్లతో సహా ఎవరి పిల్లలు వాళ్లకి. "అందరం కలిసి అందరినీ చూసుకుందాం" అన్నచోట ఎవరూ ఎవరినీ చూడరు. జంటలు కట్టించండి, బేసి అంకె వస్తే ఒకచోట ముగ్గురు. అయితే జంట మీద భారం వేయకండి, ఇద్దరూ కలిసే తప్పిపోతారు.

నడిచేటప్పుడు ముందొకరు, తోకలో ఒకరు. తోకలో ఉన్నవారు ఏ పిల్లనీ దాటకూడదు, బూటు లేసు ముడేసుకుంటున్నా సరే. రోడ్డు దాటడం చాలామంది తప్పుగా చేస్తారు: జంటల వరసని అలాగే పొడుగ్గా నడిపిస్తారు. 20 జంటలు మీటరు ఎడంతో నడిస్తే 20 మీటర్ల తోక. ముందువాళ్లు అవతలికి చేరేసరికి వెనకవాళ్లు ఇవతలే ఉంటారు, మధ్యలో బండి వస్తే వరస తెగుతుంది. దానికంటే వరసని రోడ్డు అంచున పక్కకి తిప్పి, అందరూ రోడ్డుకి ఎదురుగా నిలబడ్డాక ఒక్కసారే దాటించండి. చోటు చాలకపోతే గుంపు తర్వాత గుంపు.

బస్సులో వాంతుల విషయం చిన్నదనుకోకండి, రోజంతా పాడుచేసేది అదే. మనం కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంది, ఫోన్‌లోనో పుస్తకంలోనో ఉన్న కన్ను లేదంటుంది. ఆ రెండిటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. వాంతుల అలవాటున్న పిల్లల్ని ముందు, వెనక చక్రాలకి మధ్య భాగంలో, దూరం కనిపించేలా కూర్చోబెట్టండి. వెనక చక్రాల అవతలి భాగం బాగా ఎగిరిపడుతుంది. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు, బయల్దేరడానికి గంటో రెండు గంటలో ముందు తేలిగ్గా తినాలి. మందు బిళ్లలు తల్లిదండ్రులు ఇంట్లో ఇచ్చి పంపితేనే, మీరివ్వకండి. చిల్లుల్లేని కవర్లు ఆ పిల్లల చేతుల్లోనే ఉండాలి, పై అరలో కాదు. ఒకరికి అయితే వాసనకి ఇంకొకరికి అవుతుంది కాబట్టి పాత పేపర్లు, తడి గుడ్డలు, నీళ్లు ముందు సీట్లోనే పెట్టుకోండి.

అనుమతి పత్రాల విషయంలో పాతకాలాన్ని తలుచుకుని నిట్టూర్చేవాళ్లతో నేను ఏకీభవించను. 1993లో బ్రిటన్‌లోని లైమ్ బేలో పడవ శిక్షణకి వెళ్లిన నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ తర్వాతే 1995లో పిల్లల సాహస కేంద్రాల భద్రతకు అక్కడ చట్టం వచ్చింది. అనుమతి పత్రంలో ఒక్కో గడి వెనక ఒక్కో నష్టం ఉంటుంది. ఎలర్జీలు, ఉబ్బసం, రోజూ వేసుకునే మందులు, రెండు ఫోన్ నంబర్లు, సాయంత్రం ఎవరు తీసుకెళ్తారు: ఇవి చాలు. రెండు కాగితం ప్రతులు తీయండి, ఒకటి మీ దగ్గర, ఒకటి స్కూల్లో. ఫోన్ చార్జింగ్ అయిపోవడం ఖాయం. ఇన్‌హేలరు ఆ పిల్ల గుంపు టీచరు సంచిలోనే ఉండాలి. మందుల పెట్టె బస్సులో ఉండిపోవడం, బస్సు పార్కింగ్ వెతుక్కుంటూ దూరంగా వెళ్లిపోవడం పదేపదే జరిగే పొరపాటు.

ఇక టైము. కాగితం మీద 6 గంటల ట్రిప్ అనుకోండి. రానుపోను 2 గంటలు. ఎక్కడం, దిగడం, లెక్కలు కలిపి 40 నిమిషాలు. భోజనం 45. బాత్రూములకి రెండుసార్లు 20 చొప్పున 40. ఆ 20 ఎక్కడిదంటే, 40 మందికి 4 బాత్రూములు, తలా 2 నిమిషాలు. మిగిలింది 1 గంట 55 నిమిషాలు. ఇందులో 12 గదులు చూపిస్తానంటే గదికి 10 నిమిషాలు కూడా రాదు. ఇది తెలియాలంటే ముందొకసారి వెళ్లి రావాలి, అదీ ట్రిప్ మంగళవారమైతే మంగళవారమే, ఆ గంటకే. ఆదివారం ఖాళీగా కనపడిన గేటు మంగళవారం బస్సులతో నిండి ఉండొచ్చు. పిల్లల నడకతో నడవండి, కూర్చుని తినే చోటు, నీడ, నీళ్లు, బస్సు తిరిగే చోటు, ఫోన్ సిగ్నల్ అందని మూలలు రాసుకోండి.

చూడడం దగ్గరకొద్దాం, నాకు బాగా పట్టింపున్నది ఇక్కడే. కొత్త చోటికి వెళ్లిన పిల్లలు ముందు ఆ చోటునే చూస్తారు: మెట్లు, దారులు, బాత్రూములు, అంగడి. మనం చూపించాలనుకున్నది తర్వాతే. పిల్లల ట్రిప్పుల మీద పరిశోధించిన జాన్ ఫాక్, ఆయన సహచరులు 1978లోనే దీని మీద రాశారు. నీర్ ఓరియన్ అనే ఇంకో పరిశోధకుడు దీన్ని మూడు కొత్తదనాలుగా విడదీశాడు: విషయం కొత్త, చోటు కొత్త, ఆ రోజు ఏం జరుగుతుందోనన్న బెరుకు. మూడింటినీ తరగతి గదిలోనే తగ్గించవచ్చు. ముందురోజు ఒక పీరియడ్ తీసుకుని చోటు పటం గీసి చూపించండి, ఎన్నింటికి తింటారో, బాత్రూము ఎక్కడో, కొనుక్కోవడానికి టైముందో లేదో చెప్పేయండి. "సార్, ఎప్పుడు తింటాం?" అన్న ప్రశ్న అక్కడికి రాకుండా ఇక్కడే తీరిపోతుంది. అప్పటి టీచర్లు ఒకే చెరువుగట్టుకి ఏటా రెండుసార్లు తీసుకెళ్లేవారు, అదీ ఇందుకే పనిచేసేది. రెండోసారికి చోటు పాతదై, చేపా గడ్డీ కనపడేవి.

లోపలికి వెళ్లగానే మొదటి 10 నిమిషాలు తిరగనివ్వండి, ఒకే గదిలో, తలుపు దగ్గర ఒక పెద్ద నిలబడి. ఆ దురద తీరాక కూర్చోబెడితే నిలుస్తారు. తర్వాత మూడు వస్తువులు, అంతే. ఒక్కోదానికి 10–15 నిమిషాలు. మ్యూజియం అలసట అనే మాట అమెరికాలో మ్యూజియం ఉద్యోగి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే రాశాడు, వంగి, మెడ చాచి చూడాల్సి రావడం వల్ల ఒళ్లు ఎలా అలిసిపోతుందో ఫోటోలతో చూపించాడు. పిల్లలకి అద్దాల పెట్టెల ఎత్తు ఇంకా కష్టం. అందుకే మొదటి 40 నిమిషాల్లోనే ముఖ్యమైనది చూపించేయండి, భోజనం తర్వాతకి ఉంచకండి.

20 ప్రశ్నల కాగితం ఇవ్వకండి. పిల్లలు వస్తువుని వదిలేసి పక్కనున్న చీటీ చదివి నకలు రాసుకుంటారు, ఒకడు రాస్తే పదిమంది చూసి రాస్తారు. చీటీలో జవాబు దొరకని ప్రశ్న అడగండి: ఈ కుండ ఏ వైపు ఎక్కువ అరిగింది? దీన్ని ఒక చేత్తో ఎత్తగలరా? ఎక్కడ అతికించారు? తర్వాత బొమ్మ గీయించండి. అట్టకి క్లిప్ పెట్టి సగం కాగితం, పెన్సిలు. పెన్నులొద్దు. చాలా మ్యూజియాలు సిరాని లోపలికి రానివ్వవు, పైగా పైకెత్తి రాస్తే పెన్ను ఆగిపోతుంది.

ఫోన్ల విషయం. అప్పట్లో క్లాసుకంతటికీ ఒకే కెమెరా, రీలుకి 36 ఫోటోలు. ఏది తీయాలో చూసి తీసేవారు. మనస్తత్వ పరిశోధకురాలు లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో వస్తువుల్ని ఫోటో తీసినవాళ్లకి ఊరికే చూసినవాళ్ల కంటే తక్కువ గుర్తుంది. కానీ ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్లకి అలా తగ్గలేదు. దీన్నిబట్టి నియమం: ముందు చూడడం, గీయడం, ఆఖరున గుంపుకి మూడు ఫోటోలు, మూడూ ఏదో ఒక చిన్న భాగానివే.

ఇంట్లో కూర్చుని చూసే వర్చువల్ ట్రిప్పులు కొత్తవేం కావు. టైటానిక్ శిథిలాలు కనుక్కున్న రాబర్ట్ బల్లార్డ్ 1989లోనే జేసన్ ప్రాజెక్టు పేరుతో సముద్రపు అడుగుని నేరుగా పిల్లలకి చూపించాడు. మనం వెళ్లలేని చోట్లకి అది గొప్ప సాధనం. వెళ్లగలిగే చోటికైతే ముందురోజు పటం బదులు వాడుకోండి, ట్రిప్ బదులు కాదు. గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ అనే వర్చువల్ ట్రిప్పుల యాప్ 2015లో మొదలై 2021లో మూతపడింది, దాని మీదే పాఠాలు కట్టుకున్నవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు.

"ఇంత తంటా పడి ఏం లాభం?" అని పైవాళ్లు అడిగితే ఒక జవాబుంది. అమెరికాలో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళా మ్యూజియం 2011లో తెరిచినప్పుడు, ట్రిప్పుకి దరఖాస్తు పెట్టుకున్న స్కూళ్లని లాటరీ వేసి, ముందు వెళ్లినవాళ్లనీ ఇంకా వెళ్లనివాళ్లనీ పోల్చి చూశారు. సుమారు 11,000 మంది పిల్లలు, 123 స్కూళ్లు. వెళ్లొచ్చినవాళ్లు కొత్త బొమ్మని చూసి ఇంకా నిశితంగా రాయగలిగారు, పల్లె పిల్లల్లో, పేద పిల్లల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ. అదీ ఒక్క పూట ట్రిప్పుతో.

తిరిగొచ్చాక "మా విహారయాత్ర" వ్యాసం రాయించకండి, అందరూ పొద్దున్నే లేవడంతోనే మొదలుపెడతారు. రెండు రోజుల్లోపు వాళ్లు గీసిన బొమ్మల్నే తిరిగిచ్చి, జవాబు దొరకని ఒక ప్రశ్న దాని కింద రాయమనండి. మీరు మాత్రం తిరుగు ప్రయాణంలోనే, బస్సులోనే, ఎన్నింటికి ఏ చోట ఉన్నారో, అనుకున్నదానికి ఎంత తేడా వచ్చిందో రాసిపెట్టుకోండి. మర్నాటికి ఆ నిమిషాలు గుర్తుండవు, వచ్చే ఏడాది టైము వేసుకోవడానికి కావాల్సినవి అవే.